ఇంటి దగ్గరి స్కూలును ఫారంలో ఎక్కడ రాస్తున్నారు?

ఇంగ్లండ్‌లో ఇయర్ సిక్స్ (ప్రైమరీ చివరి ఏడాది) చదివే పిల్లలున్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో సెప్టెంబర్ వచ్చిందంటే ఒకటే చర్చ. సెకండరీ స్కూలు ఫారం. ఏది ఫస్ట్ పెట్టాలి, ఏది సెకండ్ పెట్టాలి, గ్రామర్ స్కూలు (ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే ప్రభుత్వ స్కూలు) రిజల్ట్ వచ్చేదాకా ఆగాలా, ఒక్క స్కూలే రాసి మిగతావి ఖాళీగా వదిలేస్తే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వాళ్ళు చచ్చినట్టు అదే ఇస్తారటగా? ఈ మెసేజ్‌లు ఏటా చదువుతున్నాను. ఇంటికి దగ్గర్లో ఉన్న మామూలు స్కూలు ఎలా ఉంటుంది, మీలో ఎవరి పిల్లలైనా అక్కడ చదువుతున్నారా అని అడిగేవాళ్ళు మాత్రం దాదాపు కనిపించరు. దాని పేరు వచ్చినా "అది వద్దండి" అన్న మాటతోనే వస్తుంది. ఎందుకు వద్దో చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆ గేటు లోపలికి ఒక్కసారి కూడా వెళ్ళి ఉండరు.

మేముండేది రెడింగ్ దగ్గర. మా అమ్మాయి ఇప్పుడు ఇయర్ ఎయిట్. ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న, ప్రవేశ పరీక్ష లేకుండా అందరినీ చేర్చుకునే కాంప్రహెన్సివ్ స్కూల్లో చదువుతోంది. ఫారంలో ఆ స్కూలునే మొదట రాశాం. అప్పుడు మాకు సలహాలిచ్చినవాళ్ళకూ, ఈ ఏడాది ఫారం నింపబోతున్నవాళ్ళకూ కలిపి చెప్పాలనుకున్నది ఇది: దగ్గరి స్కూలును కళ్ళారా చూడకుండా ఫారం పంపకండి. నచ్చితే మొదటి స్థానంలో రాయడానికి మొహమాటపడకండి. వేరే స్కూలు మీద మనసుంటే దాన్నే పైన రాయండి, కానీ సీటు వచ్చే అవకాశం గట్టిగా ఉన్న స్కూలు ఒకటి ఆ ఫారంలో ఉండి తీరాలి. దాన్ని కూడా పై వాటిని చూసినంత శ్రద్ధగానే చూసి రాయాలి.

ముందు ఫారం సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే భయం సగం అక్కడే పుడుతోంది. ఇక్కడ పిల్లలు పదకొండేళ్ళు నిండాక ఇయర్ సెవెన్‌లో సెకండరీలో చేరతారు. మన లెక్కలో దాదాపు ఆరో తరగతి. ప్రైమరీ వాళ్ళే పై స్కూలుకు పంపేస్తారని కూర్చోవడానికి లేదు, కొత్తగా దరఖాస్తు పెట్టాలి. మీకు కావలసిన స్కూలు పక్క కౌన్సిల్ పరిధిలో ఉన్నా సరే, మీరు నివసించే కౌన్సిల్‌కే ఫారం పంపాలి. గడువు అక్టోబర్ 31. ఫలితం మార్చి 1న వస్తుంది, ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినాన. కనీసం మూడు స్కూళ్ళు రాసే అవకాశం ప్రతి కౌన్సిలూ ఇవ్వాలి. లండన్‌లో ఆరు రాయొచ్చు.

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళకు, తమ్ముళ్ళకో చెల్లెళ్ళకో దగ్గర కూర్చుని పెట్టించినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అక్కడ ఏం చేశాం? మనకు నిజంగా కావలసిన కాలేజీని పైన పెట్టాం, ఆ తర్వాతది దాని కింద, అలా రాసుకుంటూ పోయాం. పైది రాకపోతే కిందిది చూస్తారు, అంతే. పైన పెద్ద కాలేజీ పెట్టుకున్నందుకు కింది కాలేజీవాళ్ళు అలిగి సీటు ఇవ్వకుండా ఉండరు. ఇక్కడా అంతే. మీరు రాసిన ప్రతి స్కూలూ తన నియమాల ప్రకారం పిల్లల జాబితా వేస్తుంది. ఆ స్కూలును మీరు ఎన్నో స్థానంలో రాశారన్నది చూసి ముందుకో వెనక్కో జరపకూడదని ప్రభుత్వ నియమావళి అయిన అడ్మిషన్స్ కోడ్ స్పష్టంగా చెబుతుంది. ఒకటి కంటే ఎక్కువ స్కూళ్ళలో మీ పిల్లకు చోటు దక్కితే, వాటిలో మీరు అన్నిటికంటే పైన రాసినది ఇస్తారు. మిగతావి వేరేవాళ్ళకు వెళ్ళిపోతాయి.

పూర్వం కొన్ని ప్రాంతాల్లో వేరే పద్ధతి ఉండేది. మొదటి స్థానంలో రాసినవాళ్ళకే ముందు సీట్లు ఇచ్చేవారు. దాన్ని 2007 కోడ్‌తో నిషేధించారు. ఎప్పుడో పిల్లల్ని చేర్చిన పెద్దవాళ్ళు "మొదటిది జాగ్రత్తగా పెట్టమ్మా, వృథా చేసుకోకు" అంటే, వాళ్ళు చూసిన కాలంలో ఆ మాట నిజమే. ఇప్పుడు చెల్లదు. గ్రామర్‌ను పైన పెడితే దగ్గరి స్కూలు చేజారుతుందన్న భయం కూడా దాని వెనకాలే వచ్చింది. దానికీ ఆధారం లేదు.

వెబ్ ఆప్షన్లతో ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని సరిగ్గా పట్టుకోవాలి. ఎంసెట్‌లో పిల్లవాడికి ఒకే ర్యాంకు. ఏ కాలేజీకి వెళ్ళినా అదే నంబరు. ఇక్కడ ఒకే పిల్లకు ఒక్కో స్కూల్లో ఒక్కో నంబరు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇచ్చే ఇహెచ్‌సి ప్లాన్‌లో ఒక స్కూలు పేరు రాసి ఉంటే ఆ స్కూలు వాళ్ళను చేర్చుకోవాల్సిందే. ఆ తర్వాత ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, లేదా గతంలో ఉండి వచ్చిన పిల్లలు. ఆపైన చాలా చోట్ల అక్కో అన్నో అదే స్కూల్లో ఉన్నవాళ్ళు, స్కూలు తన ప్రాంతంగా గీసుకున్న క్యాచ్‌మెంట్ పరిధిలో ఉన్నవాళ్ళు, ఆఖరికి ఇంటి నుంచి దూరం. క్యాథలిక్ స్కూళ్ళలో బాప్టిజం సర్టిఫికెట్ అడుగుతారు, దానికి విడిగా ఇంకో ఫారం ఉంటుంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్యాథలిక్ కుటుంబాలు కొన్ని ఈ రెండో ఫారం సంగతి ఆలస్యంగా తెలిసి హైరానా పడడం చూశాను, అందుకే చెబుతున్నా. స్కూలు వెబ్‌సైటులో అడ్మిషన్స్ పాలసీ అని నాలుగైదు పేజీల కాగితం ఉంటుంది. గ్రూపులో వందమందిని అడిగేకన్నా ఆ కాగితం ఒకసారి చదవడం మేలు. పోయినేడు ఎంత దూరం వరకు సీటు ఇచ్చారో కౌన్సిల్ సైటులో చాలాచోట్ల రాసి పెడతారు. ఆ దూరం ఏటా మారుతుంది. అంచుల్లో ఉన్నవాళ్ళు దాన్ని హామీగా తీసుకోకూడదు.

ఇక ఒక్క స్కూలే రాసి మిగతావి ఖాళీగా వదిలేసే విద్య. ఇది మనవాళ్ళలో ఎలా పుట్టిందో తెలియదు గానీ ఏటా ఎవరో ఒకరు పాటిస్తూనే ఉన్నారు. ఖాళీగా వదిలితే కౌన్సిల్ మీద ఒత్తిడి ఏమీ పడదు. మీరు రాసిన ఆ ఒక్కటీ రాకపోతే, ఫారంలో వరుసగా రాసుకున్నవాళ్ళందరికీ పంచగా ఎక్కడ సీట్లు మిగిలాయో అక్కడ మీ పిల్లను వేస్తారు. ఇంటి పక్క స్కూలు అప్పటికే నిండిపోయి ఉంటుంది. అప్పుడు మీ పిల్ల రెండు బస్సులు మారి, మీరు పేరు కూడా వినని స్కూలుకు వెళ్ళాల్సి రావొచ్చు. "వద్దండి" అనుకున్న స్కూలే అప్పుడు అందని స్కూలవుతుంది. బస్సు చార్జీ సంగతి కూడా ఉంది. ఈ వయసు పిల్లలకు దగ్గరలోని తగిన స్కూలు మూడు మైళ్ళకు మించి ఉంటే కౌన్సిల్ ఉచితంగా ప్రయాణ ఏర్పాటు చేయాలి. కానీ రాసి ఉంటే దగ్గరి స్కూల్లో సీటు వచ్చేదే, మీరే రాయలేదు అని తేలితే సాధారణంగా ఆ ఖర్చు మీదే.

మా అమ్మాయి విషయానికి వస్తాను. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో స్కూళ్ళన్నీ ఓపెన్ ఈవెనింగ్ పెడతాయి. మేము దగ్గరి స్కూలుకు ఒక సాయంత్రం వెళ్ళాం. హాల్లో హెడ్ టీచర్ ఉపన్యాసం అన్ని చోట్లా ఉండేలాంటిదే, దాన్ని బట్టి నేనేమీ అనుకోలేదు. ఆ తర్వాత ఇయర్ నైన్ అబ్బాయి ఒకడు మమ్మల్ని తిప్పి చూపించాడు. టై కొంచెం వదులుగా ఉంది, మాట గబగబా వస్తోంది. సైన్స్ ల్యాబులో ఒక టీచర్ బన్సెన్ బర్నర్ వెలిగించి, ఉప్పుల ద్రావణాలు చల్లి మంట రంగులు మార్చి చూపిస్తున్నారు. మా పిల్ల అక్కడే నిలబడిపోయింది, రాగి ఉప్పుకు పచ్చ మంట వచ్చేసరికి "మళ్ళీ చేస్తారా" అని అడిగింది. ఆవిడ మళ్ళీ చేశారు. ఈసారి గాగుల్స్ ఇచ్చి స్ప్రే బాటిల్ పిల్ల చేతికే ఇచ్చారు.

కారిడార్‌లో ఆ అబ్బాయిని నేను మూడు విషయాలు అడిగాను. క్లాసు జరిగేటప్పుడు టాయిలెట్లకు తాళాలు వేస్తారా? లంచ్ టైములో ఒంటరిగా ఉండే పిల్లలు ఎక్కడికి వెళ్తారు? ఈ ఏడాది నీకు ఎంతమంది సప్లై టీచర్లు (అసలు టీచర్ లేనప్పుడు తాత్కాలికంగా వచ్చేవాళ్ళు) వచ్చారు? మొదటిదానికి నవ్వి, "కింద బ్లాకువి తెరిచే ఉంటాయి, పైవాటికి వేస్తారు" అన్నాడు. రెండోదానికి లైబ్రరీ చూపించాడు, అక్కడ చదరంగం బోర్డులు వరుసగా పెట్టి ఉన్నాయి. మూడోదానికి కాస్త ఆగి, సైన్సుకు పోయిన టర్మ్ చాలామంది మారారని నిజం చెప్పాడు. ఏ బ్రోచర్‌లోనూ ఈ సమాధానాలు దొరకవు. ఒక స్కూలు తన గురించి నిజం చెప్పగల పిల్లవాడిని ముందు పెట్టి తిప్పిస్తోందంటే, ఆ స్కూలు మీద నాకు నమ్మకం పెరిగింది. అక్కడి నుంచి ఇంకో రెండు స్కూళ్ళు కూడా చూశాం. బాగానే ఉన్నాయి. దూరపు స్కూలైతే ఉదయం ఎనిమిది లోపు బస్సెక్కి ఆ రూటులో ఒకసారి వెళ్ళి చూడండి, ఓపెన్ ఈవెనింగ్‌కు కారులో వెళ్ళినప్పుడు అర్థం కాని సంగతి అర్థమవుతుంది.

సైన్సు టీచర్ల సమస్య ఆ పిల్లవాడు చెప్పినట్టే ఉంది. మా అమ్మాయి ఇయర్ సెవెన్‌లో కొన్ని వారాలు రోజుకో కొత్త టీచర్ వచ్చి వర్క్‌షీట్ ఇచ్చి కూర్చున్నారు. నాకు కోపం వచ్చింది, మెయిల్ రాశాను, మీటింగ్‌లో అడిగాను. ఫిజిక్స్ టీచర్ల కొరత ఇంగ్లండ్ అంతటా ఉంది, ప్రభుత్వం పెట్టుకున్న నియామకాల లక్ష్యం ఏటేటా తప్పుతోంది. ఇది దాచాల్సిన పని లేదు. దగ్గరి స్కూలు లోపాలు లేనిదని నేను అనడం లేదు. లోపాలు తెలిసి, వాటితో వేగగలమని నిర్ణయించుకుని చేర్చడం ఒక పద్ధతి, అసలు చూడకుండానే వద్దనుకోవడం ఇంకొకటి.

గ్రామర్ స్కూళ్ళ గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. ఇంగ్లండ్‌లో 163 గ్రామర్ స్కూళ్ళున్నాయి, ప్రభుత్వ సెకండరీ పిల్లల్లో సుమారు 5 శాతం మందే వాటిలో చదువుతారు. 1944 చట్టం తర్వాత దేశమంతటా పదకొండేళ్ళకు పరీక్ష పెట్టి పిల్లల్ని విడదీసేవారు. 1965లో ప్రభుత్వం అందరికీ ఒకే రకం స్కూళ్ళు పెట్టమని కౌన్సిళ్ళకు సర్క్యులర్ పంపింది. చాలా ప్రాంతాలు మారాయి, కెంట్, బకింగ్‌హామ్‌షైర్ లాంటివి మారలేదు. 1998 చట్టం కొత్త గ్రామర్లు పెట్టకూడదంది. అలా మిగిలినవే ఇవి. మా రెడింగ్‌లో రెండు, అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి. పక్కన స్లౌలో నాలుగు. ఐటీ ఉద్యోగాల కోసం వచ్చిన మనవాళ్ళు ఈ పట్టణాల చుట్టూ ఎక్కువగా ఉండడంతో ఆ రెండూ ఆ నాలుగూ మన మాటల్లో పెద్దవైపోయాయి.

గ్రామర్ స్కూళ్ళకు నేను వ్యతిరేకిని కాను. చదువు మీద ఇష్టం, వేగం ఉన్న పిల్లకు ఫీజు లేకుండా దొరికే మంచి చదువు అది. పిల్ల రాస్తానంటే రాయనివ్వండి, పాసైతే పైన రాయండి. పరీక్ష సెప్టెంబర్ ప్రాంతంలో ఉంటుంది, దానికి ఇక్కడి ఎండాకాలానికి ముందో మధ్యలోనో విడిగా పేరు నమోదు చేసుకోవాలి, ఫలితం మామూలుగా ఫారం గడువుకు ముందే చేతికొస్తుంది. అర్హత స్కోరు దాటినంత మాత్రాన సీటు ఖాయం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. బకింగ్‌హామ్‌షైర్‌లో 121 వస్తే అర్హత. ఆ తర్వాత సీట్ల కంటే అర్హులు ఎక్కువైన స్కూల్లో క్యాచ్‌మెంటూ దూరమూ చూస్తారు.

నా బాధ పరీక్షతో కాదు, దాని చుట్టూ మనం కట్టుకున్న ప్రపంచంతో. ఇయర్ ఫోర్ నుంచి, అంటే ఎనిమిదేళ్ళ పిల్లకు, శని ఆదివారాలు కోచింగ్. వెర్బల్ రీజనింగ్, నాన్ వెర్బల్ రీజనింగ్, టైమర్ పెట్టి మాక్ టెస్టులు. మనం పెరిగిన వాతావరణం ఇదే కదా. నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర ఐఐటీ కోచింగ్‌లో చేరడానికి ఒక ఎంట్రన్స్, ఆ ఎంట్రన్స్‌కు మళ్ళీ కోచింగ్ ఉండేది. అదైనా పదహారేళ్ళ పిల్లలకు. ఇక్కడ దాన్ని పళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తున్న వయసుకు దించాం.

మాకు బాగా దగ్గరి స్నేహితుల కొడుకు ఈ పరీక్ష రాశాడు. కొద్ది మార్కుల్లో పోయింది. మెయిల్ వచ్చిన రోజు మేము వాళ్ళింట్లోనే ఉన్నాం. అప్పుడే గుంటూరు నుంచి నాన్నమ్మ వీడియో కాల్. ఆవిడకు విషయం చెప్పారు. "అయ్యో, ఫెయిలయ్యాడా నాయనా" అంది పాపం, ప్రేమతోనే. వాడు ఏమీ అనలేదు. షెల్ఫులోంచి ప్రాక్టీసు పుస్తకాలన్నీ తీసి, రెండు చేతులా మోసుకెళ్ళి రీసైక్లింగ్ డబ్బాలో పడేసి వచ్చాడు. పది దాటి పదకొండు నిండని పిల్లవాడు. లెక్కలు సరదాగా చేసేవాడు, బస్సు నంబర్లన్నీ కలిపి కూడేవాడు. ఆ ఏడాదంతా ఇంట్లో దగ్గరి స్కూలు పేరును బెదిరింపులాగే వాడారు. చదవకపోతే అక్కడికి పంపిస్తాం అని. ఇప్పుడు వాడు వెళ్ళాల్సింది అక్కడికే. స్కూలు మొదటి రోజు గేటు దాటకముందే, తాను ఓడిపోయి వచ్చిన చోటు అని వాడి మనసులో రాసి పెట్టాం. ఆ స్కూలు ఎంత మంచిదైనా దాన్ని చెరపడానికి ఎంత కాలం పడుతుంది?

గ్రామర్ వైపు వెళ్ళాలనుకునే ఇంట్లోనే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం. పరీక్షకు చదివే రోజుల్లోనే పిల్లను దగ్గరి స్కూలుకు తీసుకెళ్ళి, అక్కడ ఏం బావుందో పిల్లనే చెప్పమనండి. రెండు మూడు స్థానాల్లో రాసే స్కూళ్ళ గురించి భోజనాల దగ్గర మొదటిదాని గురించి మాట్లాడినంత ఇష్టంగా మాట్లాడండి. పిల్లలు మన గొంతు వింటారు, మన మాట కంటే ముందు.

ఇంకో దారి ఇల్లు మారడం. అద్దెకు ఉన్నవాళ్ళం కాబట్టి మంచి స్కూలు దగ్గరికి మారిపోదాం అనుకోవడం సహజం, అందులో తప్పు లేదు. కుటుంబమంతా నిజంగా అక్కడ ఉంటే చాలు. స్కూలు పక్కన ఒక చిన్న ఫ్లాట్ అగ్రిమెంట్ చేసుకుని, ఉండేది మాత్రం పాత ఇంట్లోనే ఉండడం వేరు. కౌన్సిళ్ళు కౌన్సిల్ టాక్స్ రికార్డులు చూస్తాయి, అద్దె ఒప్పందాలు అడుగుతాయి, ఇంటికి వచ్చి చూసే చోట్లు కూడా ఉన్నాయి. తప్పుడు అడ్రసుతో వచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు శిక్ష పడేది పిల్లకు. ఆ సీటు దక్కాల్సిన ఇంకో పిల్ల కూడా ఎక్కడో ఉంటుంది. ప్రైవేటు స్కూళ్ళ గురించి పెద్దగా చెప్పను. 2025 జనవరి నుంచి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడుతోంది, మనలో చాలామందికి ఆ లెక్క ముందు నుంచే అందనిది.

మరి స్కూలు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది అంటారు. స్కూళ్ళను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఒక్క మాటలో "అవుట్‌స్టాండింగ్" అనో "గుడ్" అనో ఇచ్చే పద్ధతిని ప్రభుత్వ స్కూళ్ళకు 2024 సెప్టెంబర్‌లో తీసేశారు. 2025 నవంబర్ నుంచి అంశాలవారీగా రిపోర్టు కార్డు ఇస్తున్నారు. ఇళ్ళ ప్రకటనల్లో మాత్రం ఆ పాత మాట ఇంకా బతికే ఉంది. పదహారేళ్ళ వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షల ఫలితాలు చూసేటప్పుడు కూడా ఒకటి గమనించాలి. పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలున్న స్కూల్లో మార్కులు ఎక్కువ రావడంలో వింత లేదు. పిల్ల ప్రైమరీ నుంచి ఏ స్థాయిలో వచ్చింది, ఐదేళ్ళలో ఎంత ఎదిగింది అన్నది చెప్పే కొలత ప్రోగ్రెస్ ఎయిట్. కోవిడ్ వల్ల 2020, 2021లో ప్రైమరీ చివర్లో పెట్టే సాట్స్ పరీక్షలు జరగలేదు కాబట్టి 2025, 2026 జీసీఎస్ఈ బ్యాచ్‌లకు ఆ కొలత లేదు. అంతకు ముందరి ఏళ్ళవి చూసుకోవచ్చు. మార్కుల పట్టికలో మధ్యలో ఉన్న స్కూళ్ళు కొన్ని ఈ కొలతలో పైన కనిపిస్తాయి. ఆ స్కూళ్ళ టీచర్లను నేను ఎక్కువ నమ్ముతాను.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకంటే, ఇదంతా మనం ఒకసారి చూశాం. నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్నాను. నేను చేరేనాటికి మా వాడలో డాక్టరు గారి అమ్మాయి, పొలం పనులకు వెళ్ళేవాళ్ళ పిల్లలు, పోస్టుమాస్టరు గారి పిల్లలు, అందరం ఒకే బెంచీల మీద. లెక్కల మాస్టారు రాకపోతే డాక్టరు గారు స్వయంగా వచ్చి హెడ్మాస్టరు గారిని అడిగేవారు, మాస్టారు వచ్చేవారు. ఆ తర్వాత ఊళ్ళోకి ప్రైవేటు స్కూళ్ళ పసుపు రంగు వ్యాన్లు మొదలయ్యాయి. ముందు డాక్టరు గారి పిల్లలు వెళ్ళారు, తర్వాత పోస్టుమాస్టరు గారివి, చివరికి ఆ హైస్కూల్లో పాఠాలు చెప్పే టీచర్ల పిల్లలు కూడా. ఎవరినీ తప్పు పట్టలేం, ఎవరి పిల్లల బాగు వాళ్ళు చూసుకున్నారు. కానీ ఆ తర్వాత మాస్టారు రాకపోతే అడిగేవాళ్ళు లేరు. అడగలేని వాళ్ళ పిల్లలు మాత్రమే మిగిలారు. స్కూలు ముందు పాడైనందుకు జనం వెళ్ళిపోలేదు, జనం వెళ్ళిపోయాక స్కూలు పాడైంది. కనీసం మా ఊళ్ళో వరస అదే.

ఇక్కడి దగ్గరి స్కూలుకూ అడిగేవాళ్ళు కావాలి. సప్లై టీచర్ల గురించి మెయిల్ రాసేవాళ్ళు, పేరెంట్స్ ఈవెనింగ్‌కు తప్పకుండా వచ్చేవాళ్ళు, స్కూలు నిర్వహణను పర్యవేక్షించే గవర్నర్ల బోర్డులో పేరెంట్ గవర్నర్‌గా నిలబడేవాళ్ళు. బోర్డులో తల్లిదండ్రులకు స్థానాలున్నాయి, ఎన్నికలకు నోటీసు ఇంటికే వస్తుంది, ఇంగ్లీషు బాగా రావాలనో ఇక్కడ పుట్టి ఉండాలనో షరతు లేదు. మనవాళ్ళు ఆఫీసుల్లో కోట్ల పౌండ్ల ప్రాజెక్టులు నడుపుతారు, స్కూలు బడ్జెట్ కాగితం చూసి ప్రశ్న అడగలేమా? మా స్కూల్లో పోయినేడు పోటీ చేసినవాళ్ళలో ఒక పోలిష్ తండ్రి, ఒక సోమాలీ తల్లి ఉన్నారు. తెలుగు పేరు ఒక్కటీ లేదు. ఈసారి నేను నామినేషన్ వేశాను.

చివరగా మార్చి 1 గురించి. ఆ రోజు కోరుకున్న స్కూలు రాకపోతే చాలామంది ఆవేశంలో వచ్చిన సీటును వద్దనేస్తారు, ఒప్పుకుంటే అప్పీలు బలహీనపడుతుందని ఎవరో చెబుతారు. అది నిజం కాదు. వచ్చినదాన్ని ఒప్పుకోండి. దానివల్ల వెయిటింగ్ లిస్టులో మీ స్థానం మారదు, అప్పీలు హక్కు పోదు. వద్దంటే మాత్రం చేతిలో ఏమీ లేకుండా పోవచ్చు. మీరు రాసి, రాని ప్రతి స్కూలు మీదా అప్పీలు చేసుకోవచ్చు. దాన్ని వినేది స్కూలుతో సంబంధం లేని స్వతంత్ర ప్యానెల్. నియమాలు సరిగ్గా పాటించారా అన్నది ముందు చూస్తారు. పాటించారని తేలితే, ఇంకో పిల్లను చేర్చుకుంటే స్కూలుకు కలిగే ఇబ్బంది ఎక్కువా, ఆ స్కూలే మీ పిల్లకు ఎందుకు అవసరమో మీరు చెప్పే కారణం ఎక్కువా అని తూకం వేస్తారు. పక్క స్కూలు బాగాలేదని చెప్పడం అక్కడ పనికి రాదు. ఈ స్కూల్లో ఉన్నదేమిటి, మీ పిల్లకు దానితో పనేమిటి అన్నది కాగితాలతో చూపించాలి.

వెయిటింగ్ లిస్టు ముందు వచ్చినవాళ్ళకు ముందు అన్న పద్ధతిలో నడవదు, అడ్మిషన్ నియమాల వరుసలోనే నడుస్తుంది. మీ తర్వాత చేరినవాళ్ళు మీ కంటే దగ్గర్లో ఉంటే మీ ముందుకు వెళ్తారు, కాబట్టి నంబరు వెనక్కి పోయినా కంగారు పడకండి. కనీసం డిసెంబర్ 31 వరకు ఆ లిస్టు ఉంచాలి. అంటే పిల్ల వేరే స్కూల్లో చేరి, బ్లేజర్ కొని, ఒక టర్మ్ సగం గడిచాక కూడా ఫోన్ రావొచ్చు. మాకు తెలిసిన ఒక ఇంటికి హాఫ్ టర్మ్ సెలవులకు ముందు అలాంటి ఫోన్ వచ్చింది. మొదటి స్థానంలో రాసిన స్కూలే. పిల్లవాడిని కూర్చోబెట్టి అడిగారు. ఫుట్‌బాల్ టీములో చోటు దొరికిందనీ, ఇద్దరు స్నేహితులయ్యారనీ, వెళ్ళననీ చెప్పాడు. వాళ్ళు ఆ రోజే కౌన్సిల్‌కు ఫోన్ చేసి ఆ సీటు తర్వాతివాళ్ళకు ఇవ్వమన్నారు.